బాస్ క్లారినెట్ వాయించేవారు మామూలు క్లారినెట్ కూడా నేర్చుకోవడం ఎలా?

నల్గొండ, మిర్యాలగూడ వైపు పెళ్లి బరాత్‌లో పాటను ముందుండి నడిపేది మామూలు చిన్న క్లారినెటే. డ్రమ్ముల హోరులో, మంద్రంగా పలికే పెద్ద రకమైన బాస్ క్లారినెట్ గొంతు పెద్దగా వినపడదు. అందుకే బాస్ ఒక్కటే వచ్చినవారు చిన్నదాని మీద కూడా గట్టి పట్టు సాధించాలని నా అభిప్రాయం. సాధారణంగా వాడే రెండూ బి ఫ్లాట్ శ్రుతి వాయిద్యాలే, బాస్ ఒక స్థాయి (ఆక్టేవ్) కింద పలుకుతుంది.

ముందు క్లారినెట్ చూసి కొనండి. మన బ్యాండ్ మేళాల్లో పాత ఆల్బర్ట్ పద్ధతి (కీలు, రంధ్రాల అమరికలో ఒక రకం) వాయిద్యాలు ఇంకా కనిపిస్తాయి. ఇప్పటి బాస్ క్లారినెట్లు ఎక్కువగా బోయెమ్ అనే మరో అమరికవి. 17 కీలు, 6 రింగులు ఉన్న బోయెమ్ క్లారినెట్ అడిగి తీసుకుంటే వేళ్ల పని చాలావరకు మీకు వచ్చిందే.

అసలు కష్టం నోటి దగ్గర. బాస్‌కు పెదవి కాస్త వదులుగా ఉంచుతాం, అదే అలవాటుతో చిన్నదాన్ని ఊదితే శ్రుతి కిందికి జారిపోతుంది. మౌత్‌పీస్‌కు బ్యారెల్ (దాని కింద ఉండే పొట్టి గొట్టం) మాత్రమే తగిలించి, ఫోన్‌లో శ్రుతి చూపే ట్యూనర్ యాప్ పెట్టుకుని ఊదండి. ట్యూనర్‌లో ఎఫ్ షార్ప్ (F#) స్వరం దగ్గర నిలకడగా పలకాలి. పలకకపోతే రీడ్‌ను (మౌత్‌పీస్‌కు కట్టే పల్చటి పలకను) కొరికి పట్టకండి. గడ్డం కిందికి సాగదీసి, నోటి మూలలు బిగించి, 'ఈ' అన్నట్టు నాలుక వెనకభాగం పైకి లేపి గాలి వేగం పెంచండి. బాస్ మౌత్‌పీస్ నోట్లోకి దాదాపు అడ్డంగా వస్తుంది, ఇక్కడ వాయిద్యం కిందికి వాలి ఉండాలి. దానికోసం తల వంచొద్దు.

తర్వాత రంధ్రాలు. బాస్‌లో మూతలే రంధ్రాలను మూస్తాయి, ఇక్కడ ఆ పని వేలి మెత్తటి భాగానిది. కొద్దిగా సందున్నా కీచుమంటుంది. ఒక స్వరం పట్టి ఊదాక వేళ్లు చూసుకోండి: గుండ్రటి అచ్చు పూర్తిగా పడాలి. ఉంగరం వేలు తరచుగా తప్పుతుంది. బాస్ బరువు నేలమీదో మెడ పట్టీ మీదో ఉంటుంది, దీని బరువు కుడి బొటనవేలిది. నొప్పి పుడితే ఆపేయండి.

ఎండాకాలం లగ్గాల సీజన్‌లో చెక్క క్లారినెట్‌ను బండిలో, ఎండలో వదలకండి, పగులుతుంది. బరాత్‌కు ప్లాస్టిక్‌దే నయం.

సాధనలో చిన్నదే ముందు వాయించండి, పెదవి అలసిపోకముందే. బాస్ తర్వాత అందుకోవచ్చు.