తాతగారి వడ్రంగి గదిని మళ్లీ పనిలోకి తేవడం ఎలా?

ఏళ్లుగా మూసి ఉన్న గది తలుపు తీయగానే చేయి చీపురు మీదికి పోతుంది. కాస్త ఆగండి. ముందు నాలుగు గోడలకూ ఫోటోలు తీయండి. ఏ మేకుకు ఏ రంపం వేలాడేదో, తలుపు పక్క పలక మీద పెన్సిలుతో ఏ కొలతలు రాసుకున్నారో సున్నం వేశాక ఇక కనిపించవు. ఆ పలకను ఊడదీసి జాగ్రత్త చేయండి.

సామానంతా బయట పెట్టి కప్పు కారుతోందేమో, చెదలున్నాయేమో చూడండి. తేమ పోకపోతే తోమిన ఉలి మళ్లీ తుప్పు పడుతుంది. పాత కరెంటు తీగలను ఎర్తింగుతో సహా మార్పించండి. పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకకండి.

ఇక అసలు పని, ఉలులు. పిడి సులువుగా వస్తే తీయండి, రాకపోతే ఇనుము మాత్రమే మునిగేలా వెనిగర్‌లో ఒక రాత్రి నిలబెట్టండి. పొద్దున తీగల బ్రష్షుతో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి నూనె రాయండి. ఇక్కడ బద్ధకిస్తే చూస్తుండగానే ఎర్రబడుతుంది. సానరాయి మీద ముందు వీపును, అంటే వాలు లేని వైపును, చదును చేసి, తర్వాత వాలు వైపును 25 నుంచి 30 డిగ్రీల కోణంలో నూరండి. వీపు వైపు అంచున సన్నని గరుకు వేలికి తగిలితే నూరింది చాలు. వీపును రాయికి ఆనించి రెండుసార్లు లాగితే ఆ గరుకు పోతుంది.

పిడిని మాత్రం గరుకు కాగితంతో రుద్దకండి. బొటనవేలు ఆనిన చోట అరిగిన పల్లంలో మీ వేలు పెట్టి చూడండి. మా తాతగారిది ఎడమచేతి వాటమని నాకు తెలిసింది అలాగే. పలచగా అవిసె నూనె పట్టిస్తే చాలు. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

నిలబడి చేతులు కిందికి వదిలితే పనిబల్ల ఎత్తు మీ మణికట్టు దగ్గరికి రావాలి. ఎక్కువైతే కాళ్లు కోయకండి, మీరే వెడల్పాటి చెక్క పీట మీద నిలబడండి. తక్కువైతే కాళ్ల కింద దిమ్మెలు పెట్టండి. బల్ల మీది రంపపు గాట్లను నేనైతే ముట్టుకోను.

కరెంటు రంపం పెడితే పొట్టు పీల్చే యంత్రం, మాస్కు తప్పనిసరి. చెక్క ధూళి క్యాన్సర్ కారకమని 1995లోనే తేల్చారు.

పనిముట్లను ఫోటోలు చూసుకుంటూ పాత మేకులకే తగిలించండి. వాడకుండా అద్దాల బీరువాలో దాచితే వాటికి మళ్లీ తుప్పు పట్టవచ్చు. పదును పెట్టిన ఉలితో తొలి పనిగా, ఊడదీసిన కొలతల పలకకు చట్రం చేసి పాత చోటనే బిగించండి.