క్లాంప్ విప్పగానే జాబ్ వంగిపోతోందా? ముందు ప్రాసెస్ ప్లాన్ తెరవండి

సమస్య: అల్యూమినియం 7075 ప్లేటు, లోతైన పాకెట్లు (తవ్విన గుంటలు), పల్చటి గోడలు. మెషిన్ మీద ప్రోబ్‌తో చూస్తే కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి. క్లాంపులు విప్పి సర్ఫేస్ ప్లేటు (చదునైన కొలత బల్ల) మీద పెడితే జాబ్, అంటే మనం చెక్కుతున్న ముక్క, మధ్యలో పైకి లేస్తుంది.

కారణం: ఇలాంటప్పుడు ముందుగా మాట పడేది ఆపరేటరే. అది అన్యాయం, ఎందుకంటే చాలాసార్లు తప్పు ప్రాసెస్ ప్లాన్‌లోనే, అంటే ఏ పని ఏ వరుసలో చేయాలో రాసిన చోటే ఉంటుంది. ప్లేటును తయారీలో వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చడం వల్ల లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి. ఒక వైపు మెటల్ అంతా తీసేస్తే వాటి బ్యాలెన్స్ తప్పుతుంది. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఈ సంగతి చెబితే తప్ప తెలియదు. సెటప్‌లు (జాబ్‌ను మళ్లీ బిగించడాలు), టూల్ మార్పులు తగ్గించమని మనమే సెట్ చేసి ఉంటాం కాబట్టి, అది మొదటి వైపే రఫింగ్ (ఎక్కువ మెటల్ తీసే మొదటి కోత), ఫినిషింగ్ (తుది కొలతకు తెచ్చే కోత) రెండూ పూర్తిచేసి తర్వాత జాబ్ తిప్పమంటుంది.

పరిష్కారం: ఒక సెటప్ పెరిగినా ఫర్వాలేదు, వరుస మార్చండి. రెండు వైపులా సుమారు 1 మి.మీ. వదిలి రఫింగ్ చేయండి. క్లాంపులు పూర్తిగా విప్పి, జాబ్‌ను వంగనివ్వండి. డేటమ్ ముఖాన్ని (కొలతలకు ఆధారంగా తీసుకునే ముఖాన్ని) మళ్లీ చదును చేసి, ఆ తర్వాతే ఫినిషింగ్‌కు వెళ్లండి. వంగిన జాబ్‌ను బలంగా బిగించి చదును చేయకండి, విప్పగానే మళ్లీ వంగుతుంది. కింద ఖాళీ ఉన్నచోట షిమ్ (పల్చటి రేకు) పెట్టి, తేలిగ్గా పట్టండి. ప్లేటు కొనేటప్పుడు టీ651 అనే రకం అడగండి. దాన్ని 1.5 నుంచి 3 శాతం సాగదీసి లోపలి ఒత్తిడి చాలావరకు తగ్గిస్తారు. గోడ మందం మీరు పెట్టుకున్న హద్దు కంటే తక్కువైతే ఇదే వరుస అని సాఫ్ట్‌వేర్‌లో రూల్‌గా రాసిపెట్టుకోండి. లేకపోతే వచ్చే జాబ్‌కు మళ్లీ పాత ప్లానే వస్తుంది.

సమస్య: 12 హెచ్7 రంధ్రానికి ప్లాన్‌లో డ్రిల్ ఒక్కటే వచ్చింది.

కారణం: హెచ్7 అంటే 12.000 నుంచి 12.018 మి.మీ. లోపు. మామూలు డ్రిల్‌తో అది నమ్మకంగా రాదు. కానీ మోడల్‌తో పాటు టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) రాకపోతే సాఫ్ట్‌వేర్‌కు అది కేవలం 12 మి.మీ. రంధ్రం. పాత స్టెప్ ఫైళ్లలో (3డీ మోడల్‌ను పంపుకునే ఫైళ్లు) చాలాసార్లు ఆకారం మాత్రమే వస్తుంది.

పరిష్కారం: 2014లో వచ్చిన ఏపీ242 అనే స్టెప్ ఫార్మాట్‌లో ఫైల్ అడగండి. టాలరెన్స్‌ను డిజైనర్ బొమ్మ మీద అక్షరాలుగా కాక, రంధ్రానికే జోడించి ఉండాలి. అది కుదరకపోతే డ్రాయింగ్ ముందు పెట్టుకుని 11.8 డ్రిల్, తర్వాత రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చే టూల్) మీరే చేర్చండి.

సమస్య: రెండు వైపుల నుంచి చేసిన బోర్లు ఒకే లైన్‌లో లేవు.

రెండో సెటప్‌కు ప్లాన్ వేరే డేటమ్ తీసుకుందేమో చూడండి. వీలైతే ఆ బోర్లను ఒకే సెటప్‌లో పూర్తిచేయండి. తిప్పక తప్పకపోతే, మొదటి సెటప్‌లో చేసిన బోర్‌కే డయల్ గేజ్ పెట్టి రెండో సెటప్ జీరో (కొలతలు మొదలయ్యే చోటు) తీసుకోండి.