తిరుపతి ఎండకూ ఘాట్ రోడ్డు వానకూ తగిన టైరు: ఆల్ సీజనా, సమ్మర్ టైరా?

రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చే కారే అయినా, టర్బో ఇంజనూ బిగువైన సస్పెన్షనూ ఉన్నదైతే, దానికి కొత్త టైర్లు వేయించే రోజున యజమాని తప్పనిసరిగా కాస్త ఆలోచించవలసి వస్తుంది. షాపులో "సార్, ఇది ఆల్ సీజన్, ఎండకైనా వానకైనా పనికొస్తుంది" అంటారు. ఆ మాట వినగానే ఎవరికైనా నచ్చుతుంది. అయితే ఆ పేరు పుట్టిన దేశాల్లో శీతకాలమంటే రోడ్డు మీద మంచు పేరుకునే కాలమని ముందుగా తెలుసుకోవాలి.

అక్కడ వెచ్చని నెలల కోసం చేసే సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన క్రమంగా గట్టిపడి, రోడ్డును పట్టుకునే గుణాన్ని కోల్పోతుంది. ఆ లోటును తీర్చడానికే చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో, మంచును పట్టి ఉంచే సన్నని చీలికలను ట్రెడ్ (రోడ్డును తాకే భాగం) మీద ఎక్కువగా పెట్టి ఆల్ సీజన్ టైరును తయారు చేస్తారు. తిరుపతిలో ధనుర్మాసపు తెల్లవారుజామున స్వెట్టరు వేసుకునేంత చలి ఉన్నప్పటికీ, అది ఆ 7 డిగ్రీలకు చాలా ఎగువనే ఉంటుంది. ఇక రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పిన మాట తిరుపతికీ చిత్తూరుకూ అక్షరాలా వర్తిస్తుంది. గాలిలోనే 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం తారు రోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువగా కాలిపోతుంది. అటువంటి రోడ్డు మీద సన్నని చీలికలతో నిండిన ట్రెడ్ దిమ్మెలు బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ అటూ ఇటూ వంగుతాయి, స్టీరింగు తిప్పిన దానికి కారు కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది, ట్రెడ్ కూడా త్వరగా అరుగుతుంది. చురుకుగా నడిచే కారును కోరి కొనుక్కున్నవారికి ఈ నష్టం ముందుగా చేతికే తెలుస్తుంది.

"సమ్మర్ టైరు ఎండకు మాత్రమే, వానకు జారుతుంది" అన్న అపోహను కూడా వదులుకోవలసి ఉంటుంది. నిజానికి మంచి సమ్మర్ టైరులో తడి రోడ్డు మీద పట్టు కోసం సిలికా ఎక్కువగా కలిపిన రబ్బరునూ, నీటిని వేగంగా బయటికి నెట్టే వెడల్పాటి నిలువు గాడులనూ వాడతారు. వెచ్చని వానలో, అంటే మన వానలో, అది సాధారణ ఆల్ సీజన్ టైరు కంటే తక్కువ దూరంలోనే కారును ఆపుతుంది. మన ప్రాంతానికి ఎక్కువ వాన ఇచ్చేవి అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఉండే ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో కురిసిన వర్షాలకు తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడిన సంగతి ఇక్కడివారు మరచిపోలేరు. అందువల్ల టైరును ఎంచుకునేటప్పుడు "తడిలో ఎంత బాగా ఆగుతుంది?" అన్నదే మొదటి ప్రశ్న కావాలని నా దృఢమైన అభిప్రాయం, మెత్తదనం, శబ్దం, మన్నిక, ధర ఆ తరువాతే రావాలి. (వెస్ట్ చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జి నిండినప్పుడు మాత్రం ఏ టైరునూ నమ్మకుండా దారి మార్చుకోండి.)

తిరుమల నుండి దిగే మొదటి ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైంది. అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. ప్రయాణ సమయానికి కనీస పరిమితి ఉన్నందున అక్కడ వేగానికి అవకాశం లేదు, ఉండకూడదు కూడా. అయినా వాన చినుకులకు తడిసిన మలుపులో ముందు వెళ్తున్న బస్సు అకస్మాత్తుగా ఆగినప్పుడు మనల్ని కాపాడేది టైరు పట్టే. దిగేటప్పుడు రెండవ గేరులో ఉంచి ఇంజను చేతనే వేగాన్ని అదుపు చేయించినట్లయితే బ్రేకులూ, వాటితో పాటు టైర్లూ అనవసరంగా వేడెక్కవు.

సమ్మర్ టైర్లలోనూ రెండు రకాలు ఉన్నాయి. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వంటి స్పోర్ట్ టైరు పట్టులో మేటి, కానీ త్వరగా అరుగుతుంది, ధర కూడా ఎక్కువ. అదే సంస్థ ప్రైమసీ శ్రేణి వంటి టూరింగ్ టైరు పట్టులో కొంత తగ్గినా, నిశ్శబ్దంగా ఎక్కువ కాలం నడుస్తుంది. తిరుపతి నుండి చిత్తూరుకు రోజూ వెళ్లివచ్చేవారు టూరింగ్ రకాన్నీ, నెలకు వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనివారు స్పోర్ట్ రకాన్నీ ఎంచుకోవడం సముచితమని నేను భావిస్తాను.

షాపువారి మాటతో తృప్తి పడకుండా టైరు పక్క భాగాన్ని స్వయంగా చదవండి. 'ఎం ప్లస్ ఎస్' (M+S, అంటే బురదకూ మంచుకూ తగినది) అన్న గుర్తు లేకపోతే, ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా, అది దాదాపుగా సమ్మర్ టైరే. మన దేశంలో అమ్మే మామూలు కార్ల టైర్లలో చాలా భాగం అటువంటివే. 205/55 ఆర్ 16 91 వి అని ఉంటే 91 అన్నది ఒక్కొక్క టైరు 615 కిలోల బరువు మోయగలదనీ, 'వి' అన్నది గంటకు 240 కిలోమీటర్ల వేగ పరిమితి అనీ అర్థం. కారు కంపెనీ చెప్పిన బరువు, వేగ సూచికల కంటే తక్కువవి ఎంత చవకగా వచ్చినా వేయించవద్దు.

చివరిగా తయారీ తేదీని చూడాలి. టైరు పక్క భాగం మీదే డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్నీ, తరువాతి రెండు సంవత్సరాన్నీ తెలుపుతాయి. 1425 అంటే 2025లో పద్నాలుగవ వారం. ఒకసారి నేను ఈ అంకెలు చూడకుండా డబ్బు కట్టి, ఇంటికి వచ్చాక అవి మూడేళ్ల కిందటి టైర్లని తెలుసుకుని ఎంతో బాధపడ్డాను. మన ఎండల్లో గోదాములో ఉన్న రబ్బరు కూడా ముదురుతుంది కనుక, ఏడాదికి మించినవాటిని నిరాకరించే హక్కు మీకు ఉందని గుర్తుంచుకోండి.

తోటల దగ్గరి ఇళ్లకు కంకర బాటల్లో రోజూ వెళ్లేవారికి మాత్రం నా సలహా కొంచెం వేరు. వారు పట్టు కంటే ముందుగా సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తును చూడాలి. పక్క గోడ పొట్టిగా ఉండే 45 ప్రొఫైలు టైరు గుంతలో పడితే అల్లాయ్ చక్రం వంగే ప్రమాదం ఉంది.

వేయించిన తరువాత గాలి ఒత్తిడిని ఉదయం, బండి కదలకముందే చూసుకోవాలి. ఉష్ణోగ్రత ప్రతి 5, 6 డిగ్రీలు పెరిగినప్పుడు ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తున్నదని గాలి తీసివేస్తే, మరునాటి ఉదయానికి టైరు తక్కువ గాలితో ఉండి, నడిచేకొద్దీ మరింత వేడెక్కుతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల ట్రెడ్ వరకు అనుమతించినా, దసరా నాటికి 3 మిల్లీమీటర్లకు దిగినవాటిని ఈశాన్య రుతుపవనాల వానలు మొదలు కాకముందే మార్చివేయండి.