లక్షల ఫైళ్లలో కాపీ కోడ్‌ను పట్టుకోవడం ఎలా

పది లక్షల ఫైళ్లను జంటలుగా పోలిస్తే దాదాపు 50,000 కోట్ల పోలికలు చేయాలి. అందుకే అసలు పనితనమంతా చేయనక్కర్లేని పోలికలను తప్పించడంలోనే ఉంది.

ముందు ఫోర్క్‌లను, అంటే ఒక ప్రాజెక్టు మొత్తాన్ని నకలు తీసుకుని మొదలుపెట్టిన ప్రాజెక్టులను, తీసేయండి. తర్వాత ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులోని విషయాన్ని బట్టి వచ్చే, వేలిముద్ర లాంటి చిన్న కోడ్) కట్టి, హ్యాష్ కలిసినవాటిలో ఒక్కటే ఉంచండి. ఇంత తేలిక దశను చిన్నచూపు చూడొద్దు. 2017లో వచ్చిన డెజావూ అధ్యయనంలో, ఫోర్క్‌లు కాని 45 లక్షల గిట్‌హబ్ ప్రాజెక్టుల 42.8 కోట్ల ఫైళ్లలో వేర్వేరువి 8.5 కోట్లే. ఇప్పుడు కామెంట్లు, ఖాళీలు తీసేసి, మిగిలిన టోకెన్లకు (పేర్లు, గుర్తులు, కీవర్డ్‌ల లాంటి కోడ్ ముక్కలకు) మళ్లీ హ్యాష్ కట్టండి. లైసెన్స్ హెడరో, ఇండెంటేషనో మాత్రమే మారిన కాపీలు ఇక్కడ దొరుకుతాయి.

అక్కడక్కడా మార్చిన కాపీలే కష్టం. కాపీ కోడ్‌ను పట్టే సోర్సరర్‌సీసీ అనే టూల్ పద్ధతిలో ప్రతి ఫైలునీ టోకెన్ల సంచిగా చూడండి. ఒకే టోకెన్ మూడుసార్లు వస్తే మూడుగానే లెక్క. జతలో పెద్ద ఫైలు టోకెన్లలో 70 శాతం కలిస్తే కాపీ అనుకుందాం. వంద టోకెన్ల ఫైలుకు 70 కంటే తక్కువ, 142 కంటే ఎక్కువ టోకెన్లున్న ఫైళ్లతో పనే లేదు. టోకెన్లను అరుదైనవి ముందు వచ్చేలా పేర్చండి: క్యాలిక్యులేట్‌జీఎస్టీ లాంటి పేరు ముందు, రిటర్న్, ఇఫ్ చివర. కలవకుండా పోగలిగేవి 30 టోకెన్లే కాబట్టి, మొదటి 31లో ఒక్కటైనా కలవని జత కాపీ అయ్యే అవకాశమే లేదు. అందుకే ఏ టోకెన్ ఏ ఫైళ్లలో ఉందో చెప్పే ఇండెక్స్‌లో ఆ 31 పెడితే చాలు; ఫైలు పెద్దదైతే ఈ లెక్క కూడా అదే దామాషాలో పెరుగుతుంది.

ఆ వరుస మాత్రం అన్ని ఫైళ్లకూ ఒక్కటే ఉండాలి. కొత్త ప్రాజెక్టులు చేరాక టోకెన్ల లెక్కలు మారాయని కొత్త ఫైళ్లను వేరే వరుసలో పేరిస్తే, ఎర్రర్ ఏమీ రాకుండానే కాపీలు జారిపోతాయి. వరుస మార్చాల్సి వస్తే ఇండెక్స్ మొత్తం తిరిగి కట్టండి.

యాభై టోకెన్లలోపు ఫైళ్లను ఈ దశకు పంపకండి; ఒక విలువను చదివే గెటర్లు, మార్చే సెటర్లు ఎవరు రాసినా ఒకేలా ఉంటాయి. బయటి లైబ్రరీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను విడిగా లెక్కించండి, లేకపోతే జావాస్క్రిప్ట్ ఫలితాల్లో అదే నిండిపోతుంది.

వేరియబుల్ పేర్లు మార్చిన కాపీలు కావాలా? పేర్లన్నిటినీ ఒకే గుర్తుగా మార్చి సంచిలో వేస్తే సంబంధం లేని ఫైళ్లూ కలిసిపోతాయి. అప్పుడు సంచి వదిలేసి, వరుసగా వచ్చే ఐదేసి టోకెన్ల ముక్కలను పోల్చండి. ఫలితాల్లోంచి ఓ వంద జతలు యాదృచ్ఛికంగా తీసి, కళ్లతో చూశాకే 70ని పెంచాలో తగ్గించాలో తేల్చుకోండి.