కట్టు, గంజి, తొక్కలు: తక్కువ ఖర్చుతో పాలు లేని సూపులు, మిగిలిన వాటితో మరుసటి పూట వంట

విశాఖపట్నంలో శాకాహార భోజనం అంటే పప్పు మీద నెయ్యి, చివర పెరుగు ఉన్న భోజనమే. పాలు, పాలతో చేసినవి, తేనె కూడా మానుకుని వీగన్ పద్ధతికి మారిన వారు హోటల్లో సూపు అడిగితే చాలాచోట్ల అందులో వెన్నో మీగడో కలిసి ఉంటుంది. ఇంట్లో చేసుకుందామని ఇంటర్నెట్‌లో వెతికితే బ్రోకలీ, బాదం పాలు, జీడిపప్పు మీగడ వంటి ఖరీదైన సరుకులు ఎదురవుతాయి. వీటిలో ఏదీ కొనవలసిన పని లేదని నా అనుభవం. పప్పు ఉడికిన కట్టు, అన్నం వార్చిన గంజి, కూరగాయలు తరిగాక మిగిలే తొక్కలూ కాడలూ మన వంటింట్లో రోజూ పారబోసేవే; సూపుకు కావలసిన రుచి, చిక్కదనం రెండూ ఆ మూడింటిలోనే ఉన్నాయి.

ఈ సంగతి నాకు 2014లో తెలిసివచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు రాలేదు. ఫ్రిజ్‌లో ఉన్న సగం ఆనపకాయ, వాడిపోతున్న క్యారెట్లు, రెండు కట్టల కొత్తిమీర పాడైపోకముందే మా అత్తగారు అన్నిటినీ కందిపప్పు కట్టులో వేసి, మిరియాలు దంచి కలిపి, ఒకే గిన్నెలో మరిగించారు. కొత్త గ్యాస్ బండ ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక ఆ రోజుల్లో ఒక పూటకు ఒకే వంటకం. పక్క వాటా వారికి కూడా సరిపోయిన ఆ చారును అప్పుడు ఎవరూ సూపు అనలేదు; నేను ఇప్పుడు చేసే సూపులన్నిటికీ మూలం మాత్రం అదే.

సరుకుల ఎంపిక

ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతుబజార్లలో ఆ రోజు ధరల బోర్డు చూసి, ఏ కూరగాయ చవకగా ఉంటే ఆ సూపు చేసుకోవడమే ఖర్చు తగ్గించే మొదటి మార్గం. ముందే వంటకం నిర్ణయించుకుని వెళ్ళిన రోజున డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది. కూరకు పనికిరాదనిపించే వంకర ఆనపకాయలు, కొంచెం మెత్తబడిన టమాటాలు సూపుకు బాగా సరిపోతాయి, అయితే బూజు పట్టినవి, పుల్లటి వాసన వచ్చేవి తీసుకోకూడదు. పప్పులు, ఉలవలు పూర్ణా మార్కెట్ దుకాణాల్లో విడిగా తూచి ఇస్తారు. పాడేరు, చింతపల్లి ప్రాంతాల నుంచి వచ్చే రాజ్‌మా, మన్యం పసుపు కూడా నగరంలో సులభంగా దొరుకుతాయి.

పొట్లాల్లో వచ్చే సూపు పొడులు కొనేవారు వెనక ముద్రించిన పదార్థాల పట్టీ చదవాలి. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి మాత్రమే గుర్తు. పాలపొడి కలిసిన వస్తువు మీద కూడా ఆ చుక్క ఉంటుంది. వీగన్ ఆహారానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2022లో విడిగా నిబంధనలు తెచ్చింది, దానికి వేరే ముద్ర ఉంది. పాలు పూర్తిగా మానినవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి: విటమిన్ బి12 ఈ సూపుల్లో దేని నుంచీ రాదు కనుక, దాన్ని మాత్రల రూపంలో గాని, బి12 చేర్చిన ఆహారం ద్వారా గాని వైద్యుల సలహాతో తీసుకోవాలి.

తొక్కల నీళ్ళు

ఆనపకాయ, బీరకాయ తొక్కలు, క్యారెట్ చివరలు, కొత్తిమీర కాడలు, ఉల్లిపాయ పై పొరలు, కాలీఫ్లవర్ కాడలు కొద్దిగా, ఇవన్నీ ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులకు రెండు గుప్పిళ్ళు పోగవుతాయి. తొక్కను వాడబోతున్నాం కనుక కూరగాయను తరగక ముందే ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచి, చేత్తో రుద్ది, మంచినీళ్ళతో కడగాలి. వండే రోజున వాటిని ఆరు గ్లాసుల నీళ్ళలో వేసి, నాలుగు మిరియాలు, ఒక బిర్యానీ ఆకు చేర్చి, సన్నని సెగ మీద ఇరవై ఐదు నిమిషాలు మరిగించి వడకట్టాలి. అంతకంటే ఎక్కువసేపు మరిగిస్తే రుచి పెరగకపోగా వగరు దిగుతుంది. ఈ నీళ్ళలో ఉప్పు వేయవద్దు.

కాకరకాయ తొక్క, ముల్లంగి ఆకు, వంకాయ తొడిమలు ఇందులో వేస్తే మిగతా రుచులన్నీ అణగిపోతాయి. పచ్చబారిన, మొలకెత్తిన బంగాళాదుంపల తొక్కలు ఒంటికి హాని చేస్తాయి కనుక వాటిని ఎప్పుడూ వాడకూడదు. ఆనపకాయ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. తరిగే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదుగా అనిపిస్తే వెంటనే ఉమ్మేసి, కాయ మొత్తాన్ని పారేయాలి, ఎందుకంటే ఆ చేదుకు కారణమైన పదార్థం ఉడికించినా పోదు, తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. ముప్పై రూపాయల కాయ కోసం ఆసుపత్రి పాలు కావద్దు.

కందికట్టు టమాటా సూపు

కొత్తగా మొదలుపెట్టేవారు దీనితోనే మొదలుపెట్టాలని నా సలహా, ఎందుకంటే దీనికోసం విడిగా పొయ్యి వెలిగించనవసరం లేదు. మధ్యాహ్నం పప్పుకు అర గ్లాసు కందిపప్పు పెట్టేటప్పుడు మామూలుగా పోసే నీళ్ళకు బదులు మూడు గ్లాసులు పోసి, చిటికెడు పసుపు వేసి, నాలుగు కూతలు రానిచ్చి, ఆవిరి పోయాక పైన తేరిన కట్టును రెండు గ్లాసుల మేరకు గరిటెతో జాగ్రత్తగా తీసుకోవాలి. అడుగున ఉన్న ముద్ద ఆ పూట పప్పుకు సరిపోతుంది. ఈ కట్టుతోనే మన పెద్దలు కట్టుచారు కాచేవారు.

నాలుగు టమాటాలు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు ముక్కలు చేసి, చెంచాడు నువ్వుల నూనెలో టమాటా తొక్క ముడుచుకునే వరకు మగ్గించి, చల్లారాక రెండు చెంచాల అన్నంతో కలిపి మెత్తగా రుబ్బాలి. సూపుకు చిక్కదనం ఇచ్చేది ఆ అన్నమే, మొక్కజొన్న పిండి అవసరం ఉండదు. రుబ్బిన ముద్దను కట్టులో కలిపి, తొక్కల నీళ్ళు ఒక గ్లాసు పోసి, ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, పులుపు విరగడానికి చిన్న అనకాపల్లి బెల్లం ముక్క వేసి, ఐదారు నిమిషాలు మరగనిస్తే నలుగురికి సరిపోతుంది. నెయ్యి పోపు లేనిదే చారు చారే కాదనే వారికి, నూనెలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేసి పైన పోసి ఇవ్వండి. మా ఇంట్లో నెయ్యి గురించి అడగడం అలాగే ఆగిపోయింది.

2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటినప్పుడు ఇదే పద్ధతిలో పావు కిలో తీపి గుమ్మడికాయ ముక్కలు, చిన్న అల్లం ముక్క వాడి, పులుపుకు ఉసిరికాయంత చింతపండు నానబెట్టి రసం పోశాను. రంగు ఇంకా బాగా వచ్చింది. గుమ్మడి గింజలను కడిగి, ఒక రోజు ఎండలో పెట్టి, మూకుడులో ఉప్పుతో వేయించి ఒలుచుకుంటే సూపు మీద చల్లుకోవడానికి పనికివస్తాయి.

చోడిపిండి సూపు

మిగతా ఆంధ్రలో రాగులనేవి మన ఉత్తరాంధ్రలో చోళ్ళు. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కనుక పాలు మానినవారి వంటింట్లో ఇది తప్పక ఉండాలి. రెండు పెద్ద చెంచాల చోడిపిండిని అర గ్లాసు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. వేడినీళ్ళలో నేరుగా వేస్తే ఉండ కట్టి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్, ఉల్లికాడలను మూడు గ్లాసుల తొక్కల నీళ్ళలో ఉడికించి, సెగ తగ్గించి, ఒక చేత్తో కలుపుతూ మరో చేత్తో చోడిపిండి నీళ్ళను సన్నని ధారగా పోసి, పచ్చివాసన పోయే వరకు ఎనిమిది నిమిషాలు ఉడకనివ్వాలి. దించాక నిమ్మరసం పిండుకోవాలి. ఎండాకాలంలో దీన్నే ఉల్లిపాయ ముక్కలతో చల్లగా తాగితే మజ్జిగ లేని అంబలి అవుతుంది.

ఆషాఢంలో మునగాకు తినే అలవాటున్న ఇళ్ళవారు గుప్పెడు లేత మునగాకును చివరి నాలుగు నిమిషాల్లో ఇందులో వేయవచ్చు. ఎక్కువసేపు ఉడికితే ఆకు రంగు మారి చేదెక్కుతుంది.

ఉలవకట్టు

దీనికి సమయం ఎక్కువ, ఖర్చు తక్కువ. ఒక గ్లాసు ఉలవలను రాళ్ళు ఏరి, కడిగి, పన్నెండు గంటలు నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్ళతో కుక్కర్లో ఏడెనిమిది కూతలు వచ్చాక సన్నని సెగ మీద ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాలి. వడకట్టిన కట్టులో చింతపండు రసం, వేయించిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ధనియాల పొడి వేసి మూడో వంతు తగ్గేదాకా మరిగించాలి. హోటళ్ళలో ఉలవచారు మీద మీగడ వేస్తారు. దానికి బదులు గుప్పెడు వేరుశనగ గుళ్ళను గంటసేపు నానబెట్టి, అర గ్లాసు నీళ్ళతో వెన్నలా రుబ్బి, దించే ముందు కలపండి. వేరుశనగ పడనివారికి కొబ్బరి పాలు పోయవచ్చు. పాలు పిండాక మిగిలిన కొబ్బరి పిప్పిని పచ్చిమిర్చి, చింతపండుతో రుబ్బితే మరుసటి రోజు అట్లలోకి పచ్చడి. ఉడికిన ఉలవలకు ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే సాయంత్రానికి గుగ్గిళ్ళు. ఒక్క గ్లాసు ఉలవలతో ఇన్ని తయారవుతాయి.

రాజ్‌మాతో కూడా ఇలాగే చేయవచ్చు, కాని నానబెట్టిన నీళ్ళను పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లుతూ మరిగాకే మిగతా వంట చేయాలి. అరకొరగా ఉడికిన రాజ్‌మా కడుపును తీవ్రంగా ఇబ్బంది పెడుతుంది.

మిగిలినవి, మరుసటి పూట

సముద్రపు గాలి, ఉక్కపోత ఉన్న మన ఊళ్ళో వండిన అన్నాన్ని, పప్పును, సూపును రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వెచ్చదనంలో విషాన్ని తయారుచేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. సూపు గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి త్వరగా చల్లార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు నిలుస్తుంది. తాగబోయే మేరకు మాత్రమే తీసి, బుడగలు వచ్చేదాకా మరిగించాలి. కొబ్బరి పాలు, నిమ్మరసం మాత్రం వడ్డించే ముందే కలుపుకోవాలి.

మిగిలిన సూపును మళ్ళీ సూపుగానే తాగమంటే పిల్లలు ముఖం తిప్పుకుంటారు. ఉప్మాకు నీళ్ళకు బదులు టమాటా సూపు పోస్తే టమాటా ఉప్మా అవుతుంది. రవ్వకు రెండింతల ద్రవం అవసరం కనుక, సూపు చిక్కగా ఉంటే కొంచెం నీళ్ళు కలపాలి. గుమ్మడి సూపుతో గోధుమపిండి తడిపితే చపాతీలు మెత్తగా, పసుపురంగులో వస్తాయి. చోడిపిండి సూపు రాత్రికి గట్టిపడితే, దానిలో బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి పెనం మీద అట్లు పోయండి. చివరి పావు గ్లాసు ఉలవకట్టు అయితే వంకాయ పులుసులో పోయడమే ఉత్తమం.

సూపులోకి చేరవలసిన మిగుళ్ళూ ఉన్నాయి. నిన్నటి ఇడ్లీలను చిన్న ముక్కలుగా కోసి, పెనం మీద కొంచెం నూనెతో ఎర్రగా కాలిస్తే సూపు మీద వేసే రొట్టె ముక్కలకంటే కరకరలాడతాయి. చపాతీలను కత్తెరతో సన్నని పట్టీలుగా కత్తిరించి, మరిగే కట్టులో రెండు నిమిషాలు వేస్తే నూడుల్స్ అడిగే పిల్లలకు నచ్చుతుంది. మిగిలిన పప్పును తొక్కల నీళ్ళతో పలచన చేసి, మిరియాలతో కాస్తే పది నిమిషాల్లో రాత్రి భోజనం సిద్ధం. వేపుళ్ళను మాత్రం సూపులో కలపవద్దు, ఆ నూనె, కారం పైకి తేలి అసలు రుచిని చెడగొడతాయి.

చిక్కదనానికి సూపులో గంజిని పోయవలసి వస్తే చివర్లో పోయండి, ముందే పోస్తే అడుగంటుతుంది. ఇక వడకట్టాక మిగిలిన తొక్కల పిప్పిని చల్లార్చి, మేడ మీద కుండీల్లో మట్టి కింద కప్పేయవచ్చు. ఉప్పు తగిలితే మొక్కల వేళ్ళు దెబ్బతింటాయి. తొక్కల నీళ్ళలో ఉప్పు వేయవద్దని ముందు చెప్పింది అందుకే.