తుప్పు తినేసిన హాట్ రాడ్ కారుకు కొత్త ఫ్లోర్ వేయడం ఎలా?

సీటు కింది కార్పెట్ లాగగానే పసుపు రంగు రేకు, దాని మీద వంపు తిరిగిన నల్లటి బాణం గుర్తు బయటపడ్డాయి. ‘ముందు మలుపు ఉంది’ అని రోడ్డు పక్కన నిలబడి చెప్పాల్సిన బోర్డును ఎవరో మహానుభావుడు పట్టుకొచ్చి, నా 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపేకు ఫ్లోర్‌గా రివెట్లు కొట్టేశాడు. దాన్ని ఊడదీస్తే కింద ఇంకేమీ లేదు, నేరుగా గ్యారేజీ గచ్చు కనిపించింది. అమెరికాలో పాత హాట్ రాడ్ కొన్నవాళ్లను కదిపితే ఇలాంటి కథ ఒకటి చెబుతారు.

1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చవకగా దొరికే పాత ఫోర్డ్ కార్లు కొని, మడ్‌గార్డులు, బంపర్లు పీకేసి బరువు తగ్గించి, ఇంజనుకు పదును పెట్టి, మ్యురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన చెరువు మైదానాల్లో వేగం పోటీలు పెట్టుకునేవారు. హాట్ రాడ్‌లు అలా పుట్టాయి. ఎడారి గాలిలో ఉండిపోయిన కార్లు అదృష్టవంతులు. నేనుండే మిషిగన్‌లోనూ, పక్కనున్న ఒహాయోలోనూ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు తాగిన కారుకు పైన ఎంత మెరుపున్నా అడుగు మిగలదు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లం చాలామందిమే ఉన్నాం. శనివారం వస్తే కారు కింద పడుకునేవాళ్లు మాత్రం నాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లలో ఒక్కరికైనా ఇది ధైర్యం ఇస్తుందని రాస్తున్నాను.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఈ కార్లలో చక్రాలను, ఇంజనును మోసే చట్రం, అంటే ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ కింద రెండు వైపులా పొడవుగా వంచిన ఉక్కు పట్టాలు ఉంటాయి. వాటిని సబ్‌రైల్స్ అంటారు. అవే ఛాసిస్ మీద బోల్టులతో కూర్చుంటాయి. తలుపు స్తంభాలు లేచేది వాటి మీదినుంచే. ఫ్లోర్ ఆ రెండు పట్టాలనూ కలిపి పట్టుకుంటుంది. కాబట్టి ఫ్లోర్ అంటే కాళ్లు పెట్టుకునే చోటు మాత్రమే కాదు, కారు ఆకారాన్ని నిలిపే పునాది. పునాది తవ్వే ముందు గోడలకు ఊతకర్రలు పెట్టనివాడు మేస్త్రీ కాడు.

ఎంత పోయిందో చూడండి

కార్పెట్, దాని కింది జనపనార పరుపు, సీట్లు అన్నీ తీసేయండి. ఆ పరుపే అసలు దోషి. ఒకసారి తడిస్తే నెలల తరబడి ఆరదు. ఎలుకలు గూడు పెట్టిన మూల ఉంటే అక్కడ తుప్పు ఇంకా ముదిరి ఉంటుంది. తర్వాత సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్లిన రేకు డబ్బుమంటుంది. అనుమానం ఉన్న ప్రతిచోటా పాత స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మొహమాటం వద్దు. అది దిగిందంటే ఆ రేకు ఎప్పుడో పోయినట్టే. గట్టి రేకు దొరికేదాకా వెళ్లి, దానికి ఇంకో రెండు అంగుళాలు అవతల సుద్దతో గీత గీయండి. మీరు కోయాల్సింది ఆ గీత మీద. సాధారణంగా మనం అనుకున్నదానికి రెట్టింపు కోయాల్సి వస్తుంది.

మోడల్ ఏ లాంటి కార్లలో ముందు భాగపు ఫ్లోర్ ఉక్కు కాదు, ప్లైవుడ్ పలకలు. పెద్ద ఇంజను పెట్టే హాట్ రాడ్‌లో వాటి స్థానంలో ఉక్కు రేకే వేస్తారు. 1937కు ముందటి షెవర్లే అయితే బాడీ లోపలి చట్రం మొత్తం కొయ్యే. అలాంటి కారులో వెల్డింగ్ చేసే ముందు, పక్కన ఏ కొయ్య ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

మంట, పొగ

మోడల్ ఏలో పెట్రోలు ట్యాంకు వెనక ఉండదు. ముందు అద్దానికి సరిగ్గా ముందు, డాష్‌బోర్డు పైన, మీ మోకాళ్లకు ఎదురుగా ఉంటుంది. ఫ్లోర్ వెల్డింగ్ జరిగేది దానికి రెండడుగుల కింద. పెట్రోలు వంపేశాం కదా అని ఊరుకోకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ట్యాంకును కారు నుంచి దించేసి గ్యారేజీ బయట పెట్టండి. బ్యాటరీ కూడా తీసేయండి. మోడల్ ఏలో అది ఫ్లోర్ కిందే ఉంటుంది.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో రేకు తుడిచి దాని మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికులను చంపింది ఆ వాయువే. తుడవడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరాకే వెల్డింగ్ మొదలుపెట్టండి. జింక్ పూత ఉన్న రేకు కూడా వద్దు, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. కారు కింద పూసిన తారును ముందే గీకేయండి, లేకపోతే పైన మీరు వెల్డింగ్ చేస్తుంటే కింద అది మండుతుంటుంది. మంటలార్పే సిలిండర్, బకెట్టు నీళ్లు దగ్గర ఉంచుకోండి. పని ఆపాక అరగంటసేపు గ్యారేజీ వదిలి వెళ్లకండి.

కోసే ముందు కట్టేయండి

నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. ఒక వైపు జాకీ కాస్త ఎక్కువ ఎత్తు ఉంది. ‘కాస్తే కదా’ అనుకుని కుడివైపు ఫ్లోర్ కోసి, కొత్త రేకు వేసి, మురిసిపోతూ తలుపు వేశాను. పడలేదు. తలుపు వెనక అంచు స్తంభాన్ని పైన తాకుతోంది, కింద వేలు పట్టేంత సందు ఉంది. ఆ వంకర మొత్తాన్ని నేనే శాశ్వతంగా వెల్డింగ్ చేసి పెట్టాను. మళ్లీ కోయడానికి రెండు వారాంతాలు పట్టింది.

అందుకని ముందు ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద పెట్టి, రసమట్టంతో అటూ ఇటూ, ముందూ వెనకా సమంగా తేవాలి. బాడీని దాని రబ్బరు దిండ్లతో సహా ఛాసిస్‌కు బోల్టులతో బిగించాలి. కొందరు బాడీని విడిగా దించి చేస్తారు. అనుభవం లేనివాళ్లకు అది ఆత్మహత్యా సదృశం. తలుపులు వేసి, వాటి చుట్టూ సందులు అన్నిచోట్లా సమంగా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే దిండ్ల కింద పలచటి రేకుముక్కలు పెట్టి ఇప్పుడే సరిచేయండి.

సందులు సరిపోయాక అంగుళం చదరపు ఉక్కు పైపు తీసుకోండి. ప్రతి తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఒకటి, కారు అడ్డంగా ఎడమ స్తంభం నుంచి కుడి స్తంభానికి ఒకటి, మూలల నుంచి మూలలకు గుణకారం గుర్తులా రెండు వెల్డింగ్ చేయండి. పైపులను కాస్త లోపలికి జరిపి పెట్టండి. పని మధ్యలో తలుపు వేసి చూసుకోవడానికి వీలుండాలి. ఆ తర్వాత మూల నుంచి మూలకు కొలతలు తీసి, కొలిచిన చోట పంచ్‌తో చుక్క కొట్టి, అంకెలు గోడ మీద రాయండి. కాగితం మీద రాస్తే పోతుంది, గోడ ఎక్కడికీ పోదు.

కోసేటప్పుడు ఒకేసారి ఒక వైపే కోయండి. ఎడమ వైపు పూర్తయ్యాకే కుడి వైపు ముట్టుకోవాలి.

ముందు పట్టాలు, తర్వాత రేకు

సబ్‌రైల్ కుళ్లి ఉంటే దాని మీద కొత్త ఫ్లోర్ పరచడం పుచ్చిన దూలం మీద కొత్త పెంకు వేసినట్టే. బోల్టులు దిగే చోట్లు, వెనక చక్రం ముందున్న మూల ఎక్కువగా పోతాయి. ఫోర్డ్ కార్లకు ఈ పట్టాలు కొత్తవి తయారుగా అమ్ముతారు. మోడల్ ఏలు దాదాపు 48 లక్షలు తయారయ్యాయి కాబట్టి విడిభాగాల కొరత లేదు. దొరకని కారైతే 16 గేజి రేకు, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్నది, వంచి చేసుకోవాలి. పాత పట్టా ఊడదీసే ముందు బోల్టు రంధ్రాల స్థానాలను ఛాసిస్ నుంచి కొలిచి పెట్టుకోండి.

అట్టముక్కతో మొదలు

ఫ్లోర్‌కు 18 గేజి రేకు సరిపోతుంది. అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న రేకు 29 కిలోల దాకా తూగుతుంది. నల్లటి పొలుసు ఉండే రకం కాకుండా నున్నగా ఉండే కోల్డ్ రోల్డ్ రేకు అడగండి.

రేకు మీద చెయ్యి వేయకముందు అట్టతో నమూనా చేయండి. మా ఇంట్లో కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు పారేయరు. అట్టను ఖాళీలో పెట్టి, అంచులు నొక్కి, తక్కువైన చోట ఇంకో ముక్క టేపుతో అతికిస్తూ పోతే, దర్జీ కొలత తీసినట్టు ఒంటికి సరిపోయే ఆకారం వస్తుంది. మడతపెట్టే అంచులకు ముప్పావు అంగుళం అదనంగా వదిలి, దాన్ని రేకు మీద గీయండి.

ఇక్కడ చాలామంది తొందరపడి రేకును కొలతకు కోసేస్తారు. ఆగండి. చదునుగా ఉన్న పెద్ద రేకు మీద కాలు పెడితే డొప్పుమని లోపలికి పోయి, కాలు తీస్తే డొప్పుమని పైకి వస్తుంది. దాన్ని ఆపేవి పాత ఫ్లోర్ మీద కనిపించే ఉబ్బెత్తు గీరలు. బీడ్ రోలర్ అనే చేతిమిషన్‌లో రేకును రెండు చక్రాల మధ్య నడిపిస్తే ఆ గీర పడుతుంది. గీర పడుతున్నకొద్దీ రేకు కుదించుకుపోతుంది. ముందే కోసేస్తే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువై కూర్చుంటుంది. కాబట్టి ముందు గీరలు, తర్వాత కోత. మిషన్ లేకపోతే తయారు రేకు కొనడమే మంచిది. అంచు మడతకు మాత్రం మిషన్ అక్కర్లేదు, రెండు ఇనుప యాంగిళ్ల మధ్య బిగించి సుత్తితో కొడితే చాలు.

వెల్డింగ్

మిగ్ వెల్డింగ్ మిషన్ (తీగను తానే అందిస్తూ కరిగించేది), 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 పాళ్లు ఆర్గాన్, 25 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. పలచటి రేకుకు ఇదే సరైన కూర్పు. కారు ముట్టుకునే ముందు రెండు తుక్కు ముక్కలను కలిపి చూడండి. సరిగ్గా కుదిరినప్పుడు పెనం మీద దోసె పోసినట్టు ఆగకుండా సుయ్యిమంటుంది. తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తే రేకు మీద మురికి ఉన్నట్టు, లేదా గ్యాసు అందనట్టు. అతికించిన ముక్కలను వైస్‌లో బిగించి చీల్చండి. అతుకు ఊడి రాకూడదు, అతుకు పక్కన రేకు చిరగాలి. అలా చిరిగేదాకా కారు జోలికి వెళ్లొద్దు.

కొత్త రేకు సబ్‌రైల్ మీద కూర్చునే అంచుకు ప్రతి ఒకటిన్నర అంగుళానికి ఒక ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, ఆ రంధ్రాలను వెల్డింగ్‌తో నింపుతారు. అడుగు రేకు మీద మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుతూ అంచుకు రావాలి. పై రేకుకు, పట్టాకు మధ్య సందు ఉండకూడదు. కింద నుంచి ఎవరైనా నొక్కి పట్టుకుంటే మేలు, లేకపోతే స్క్రూలతో బిగించండి. అతుకు మధ్యలో దాగిపోయే ముఖాలకు వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ ముందే పూయాలి. వెల్డింగ్ పడే చుక్క చోట మాత్రం దాన్ని గీకేయండి.

పాత రేకు, కొత్త రేకు కలిసే చోట ఒకదాని మీద ఒకటి ఎక్కించడం సులువు. కానీ ఆ మడతలో నీళ్లు చేరి, మీ మనవలకు మళ్లీ ఇదే పని తగిలిస్తుంది. అంచుకు అంచు ఆనించి వెల్డింగ్ చేయడమే నాకు నచ్చిన పద్ధతి. మధ్యలో సందు రేకు మందానికి మించకూడదు. గీత లాగినట్టు వెల్డింగ్ చేయకండి, వేడికి రేకు అప్పడంలా లేస్తుంది. ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి అడుగు అవతల, మూడోది ఆ చివర. చుక్క పక్కన చెయ్యి పెట్టగలిగినంత చల్లబడ్డాకే అక్కడికి తిరిగి రండి. నీళ్లు, తడిగుడ్డ వద్దు. అతుకు కుంచించుకుని రేకు లాక్కున్నట్టు కనిపిస్తే, వెనక ఇనుప దిమ్మె పట్టి, చుక్క మీద సుత్తితో తట్టి సాగదీయండి. రెండడుగుల అతుకుకు నాకు పూర్తి మధ్యాహ్నం పట్టింది. అది నెమ్మది కాదు, మామూలే.

టన్నెల్, మూత, బెల్టు

1955లో వచ్చిన షెవర్లే చిన్న వీ8 ఇంజను ఇప్పుడు ఎన్నో హాట్ రాడ్‌లలో కనిపిస్తుంది. దాని గేర్‌బాక్స్ పాత టన్నెల్‌లో, అంటే ఫ్లోర్ మధ్యలో గేర్‌బాక్స్ మీదుగా ఉబ్బెత్తుగా లేచే భాగంలో, పట్టదు. అందుకే ఇంజను, గేర్‌బాక్స్ వాటి స్థానంలో కూర్చున్నాకే మధ్య భాగాన్ని తయారు చేయాలి. చుట్టూ అంగుళం ఖాళీ వదలండి. టన్నెల్‌ను వెల్డింగ్ చేయకుండా బోల్టులతో బిగిస్తే, రేపు గేర్‌బాక్స్ దించాల్సి వచ్చినప్పుడు మీకు మీరే దండం పెట్టుకుంటారు. బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉంటే, బ్రేక్ ఫ్లూయిడ్ పోయడానికి దాని మీద చిన్న మూత పెట్టండి.

సీటు బెల్టును ఉత్త ఫ్లోర్ రేకుకు బిగించకండి. గట్టిగా గుద్దితే బోల్టు రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. కింద అరచేయంత, మూడు మిల్లీమీటర్ల మందమున్న పలక పెట్టి, దాన్ని ఛాసిస్‌కు కలపండి.

చివరి పని

అతుకులు సాన పట్టి, అతుకుల్లోకి నీళ్లు దిగకుండా ఆపే సీమ్ సీలర్ నింపి, పైనా కిందా ఎపాక్సీ ప్రైమర్ వేయండి. సబ్‌రైల్స్ లోపలికి గొట్టంతో మైనం పిచికారీ చేయండి, వాటి అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. రంగు ఆరాక కార్పెట్ కొనడానికి పరుగెత్తకండి. తోట పైపు తీసుకుని ముందు అద్దం మీద, దాని కింది గాలి మూత మీద, తలుపుల మీద పది నిమిషాలు నీళ్లు పట్టించండి. ఎవరినైనా టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టండి. మా వాడు కూర్చున్న మూడో నిమిషంలోనే ‘నాన్నా, ఇక్కడ కారుతోంది’ అని అరిచాడు. అద్దం చుట్టూ ఉన్న పాత రబ్బరు. కొత్తది వచ్చేదాకా ఆ కారు కార్పెట్ లేకుండానే తిరిగింది.