పికప్ అమ్మి పాత వ్యాన్ కొంటున్నారా? రెండు ఆర్సీల బదిలీకి దరఖాస్తు విధానం

పికప్ అమ్మి, ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ వ్యాన్ తెచ్చుకున్నప్పుడు రవాణా శాఖకు రెండు దరఖాస్తులు వెళ్లాలి. వ్యాన్‌ను తమ పేరు మీదికి మార్చుకోవడం ఎవరూ మర్చిపోరు. పికప్ తమ పేరు మీది నుంచి పోయిందో లేదో మాత్రం చాలామంది చూసుకోరు. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాద పరిహారం విషయంలో ఆర్సీలో పేరున్నవారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ముందు పికప్ సంగతి తేల్చుకోండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం, కొన్నవారు అదే రాష్ట్రంలో ఉంటే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో బదిలీ సంగతి ఆర్టీఏకు తెలపాలి. కొన్నవారికి 30 రోజుల గడువు. అమ్మినవారు ఇచ్చే నోటీసు ఫారం 29, బదిలీ దరఖాస్తు ఫారం 30. ఈ రెండింటి మీద ఖాళీగా సంతకం పెట్టి బ్రోకర్ చేతికి ఇవ్వకండి. కొన్నవారి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం చేసి ఫొటో తీసి ఉంచుకోండి. బండి అప్పగించిన తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకం చేసిన డెలివరీ నోట్ కూడా ఉండాలి. గుర్తింపు పొందిన సెకండ్ హ్యాండ్ డీలరుకు అప్పగిస్తే ఫారం 29సీ ద్వారా తెలియజేయాలి. అప్పటి నుంచి మళ్లీ అమ్ముడయ్యేదాకా బాధ్యత డీలరుదే.

లోన్ తీరిపోయినంత మాత్రాన ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరు దానంతటదే పోదు. వారి ఎన్వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), వారు సంతకం చేసిన ఫారం 35 పెట్టి హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు ఉందని ఆర్సీలో రాసిన నమోదు, తీయించాలి. చాలా ఎన్వోసీల మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటితే మళ్లీ కొత్తది తెచ్చుకోవాలి.

ఇక వ్యాన్. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఆర్సీ చేతిలో పెట్టుకుని బండితో సరిచూడండి. ఇంజిన్ ముందు సీటు కింద ఉండే వ్యాన్లలో సీటు ఎత్తితే గానీ ఇంజిన్ నంబరు కనబడదు. ఛాసిస్ నంబరు దగ్గర గ్రీజు, దుమ్ము గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే 17 అక్షరాలూ అచ్చు దిగుతాయి. ఈ పెన్సిల్ ప్రింట్ దరఖాస్తుకు కూడా అడుగుతారు. తుప్పు తిని ఒక్క అంకె చదవడానికి వీల్లేకపోయినా దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

సెకండ్ హ్యాండ్ వ్యాన్లలో ఎక్కువ చిక్కు గ్యాస్ కిట్‌తోనే. కిట్ బిగించి ఉండి ఆర్సీలో ఇంధనం పెట్రోల్ అనే ఉంటే, ముందు దాన్ని పాత యజమానితోనే ఆర్సీలో ఎక్కించమనండి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) ఉండాలి, దాని ధ్రువపత్రం కూడా తీసుకోండి. సామాన్ల కోసం వెనక సీట్లు పీకేసిన బండి అయితే ఆర్సీలోని సీట్ల సంఖ్యతో పొంతన కుదరదు.

బోర్డు రంగు కూడా చూడాలి. తెల్లబోర్డు (సొంత వాడకపు) వ్యాన్ కొని కిరాయికి సరుకు తోలడం కుదరదు. పసుపు బోర్డు కార్గో వ్యాన్ అయితే ఫిట్‌నెస్ అమల్లో ఉండాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి అది ఏటా చేయించాలి. స్థూల బరువు (బండి, సరుకు కలిపి) 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, కాబట్టి లైసెన్స్ మార్చుకునే పని ఉండదు.

దరఖాస్తుకు అసలు ఆర్సీ, ఫారం 29, 30, అమలులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, పాన్ లేదా ఫారం 60 దగ్గర పెట్టుకోండి. వ్యాన్‌ను లోన్ మీద కొంటే ఫారం 34 కూడా. ఆన్‌లైన్‌లో వివరాలు నింపేటప్పుడు ఓటీపీ ఆర్సీకి కలిపిన మొబైల్‌కే వస్తుంది. అది పాత యజమాని ఎప్పుడో వదిలేసిన నంబరైతే పని సాగదు, ముందు దాన్ని మార్పించండి. బకాయి చలానాలు కూడా ముందే కట్టించండి.

వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ తప్పనిసరి. బండి ఇక్కడ 12 నెలలకు మించి ఉంటే ఫారం 27తో కొత్త నంబరు తీసుకోవాలి. ఇక్కడ మళ్లీ పన్ను కట్టాల్సి వస్తుంది. బేరం కుదుర్చుకునేటప్పుడే ఆ లెక్క కలుపుకోండి.

ఇన్సూరెన్స్ బదిలీకి 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. ఎదుటివారికి జరిగిన నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ కవర్ బండితోపాటే వస్తుంది. కానీ పాలసీ మీ పేరుకు మారకముందు వ్యాన్‌కు దెబ్బ తగిలితే ఆ రిపేరు ఖర్చుకు క్లెయిమ్ రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం బండిది కాదు, మనిషిది. పికప్ మీద వచ్చిన బోనస్‌కు సర్టిఫికెట్ తీసుకోండి. అయితే అది అదే తరగతి బండికే చెల్లుతుంది, సరుకు పికప్ బోనస్ తెల్లబోర్డు వ్యాన్‌కు రాదు.

పికప్ అద్దం మీది ఫాస్టాగ్‌ను అప్పగించే రోజే మూయించండి. లేకపోతే కొత్త యజమాని దాటిన టోల్ మీ ఖాతాలోంచే పోతుంది. కొత్త ఆర్సీ చేతికి రాగానే పేరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సీట్ల సంఖ్య చదివి చూసుకోండి. అదే రోజు ఆన్‌లైన్‌లో పికప్ నంబరు కొట్టి, యజమాని గడిలో పేరు మారిందో లేదో కూడా చూడండి.